ఇన్‌స్పెక్టరు గారి పడవ ఏ రేవులో ఆగింది?

గోదావరి జిల్లాల పాత చదువుల మీద ఫేస్‌బుక్కులో ఏ మూడు నెలలకో ఒకసారి ఒకే తగువు లేస్తుంది. ఈస్టిండియా కంపెనీ వాళ్ల లెక్కల్లోనే రాజమండ్రి జిల్లాకి 291 బళ్లు, శాస్త్రాలూ వేదాలూ చెప్పే పాఠశాలలు మరో 279 ఉన్నాయి, వాటిని తెల్లవాడే చంపాడు అంటారు ఒకరు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో అడిగితే కలెక్టర్లు పంపిన అంకెలవి. ఆ వెంటనే రెండోవారు ఏదో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు రిపోర్టు తెచ్చి పెడతారు. పల్లె బడిలో బట్టీ తప్ప మరేం లేదు, హాజరు పట్టీ సరిగ్గా లేదు, పిల్లలు అచ్చు పుస్తకం చదవలేకపోయారు అని అందులో ఉంటుంది. కాబట్టి ఆ 291 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని తీర్పు.

మొదటివారి అంకెల మీద నాకు పెద్ద పేచీ లేదు. ఆ బళ్లలో ఆడపిల్లలు ఎందరు, ఊరి చివరి పేటల పిల్లలు ఎందరు అని అడిగితే వారికే ఇబ్బంది. నాకు గుచ్చుకునేది రెండోవారి ధీమా. ఇన్‌స్పెక్టరు కళ్లతో చూశాడు, చూసింది రాశాడు, ఇంకేం కావాలి అంటారు. ఎప్పుడు చూశాడు, ఎక్కడిదాకా వెళ్లి చూశాడు, చూడ్డానికి ఎంతసేపు దొరికింది, ఆ చూపు మీద ఎవరి తిండి ఆధారపడి ఉంది? ఇవి తేలకుండా ఆ రిపోర్టుని పల్లె బడి మీద సాక్ష్యంగా తేకూడదని నా వాదన.

కాలవ, లాకు, నెల

డెల్టాలో తనిఖీ అంటే ముందు ప్రయాణం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. దేశంలో చదువులు ఎలా నడపాలో చెబుతూ లండన్ నుంచి వుడ్ డెస్పాచ్ 1854లో వచ్చింది, మద్రాసులో విద్యాశాఖ ఆ మరుసటేడు పుట్టింది. అంటే కాలవలూ స్కూళ్ల ఇన్‌స్పెక్టర్లూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా కాలవలు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టావి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమానివి. అధికారి ఎక్కిన పడవ ఆ దారినే పోవాలి.

పడవని గట్టు మీద నుంచి మనుషులు తాడుతో గుంజేవారు, గాలి కలిసొస్తే చాప ఎత్తేవారు. గంటకి రెండు మైళ్లు, మహా అయితే మూడు. లాకు వచ్చిందంటే తలుపులు మూసి, నీళ్లు ఎక్కించో దించో, మళ్లీ తలుపులు తీసేదాకా కూర్చోవాలి. ముందు రెండు వడ్ల పడవలుంటే ఇంకాసేపు. పడక, వంట, కాగితాల పెట్టె అన్నీ పడవలోనే. కాబట్టి పొద్దున దిగి, బడి చూసి, చీకటి పడేలోపు తిరిగి పడవ చేరగలిగిన ఊరే తనిఖీకి అందే ఊరు. గట్టు దిగి నాలుగు మైళ్లు లోపలికి పోవాలంటే నల్లరేగడి. వానాకాలం ఆ నేలలో బండి ఇరుసుదాకా దిగబడుతుంది, గుర్రం అడుగు తీయలేదు. లంక గ్రామమైతే రేవు దాటాలి, ఆ తరవాత ఇసుకలో నడవాలి. వరద రోజుల్లో దాటించేవాడే దొరకడు.

ఇప్పుడు నెలలు లెక్కపెట్టండి. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు, పడవ లేదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా వానలు, వరద, ఊడ్పులు. దసరాకి బడికే సెలవు. మిగిలింది దసరా వెళ్లాక సంక్రాంతి దాకా, ఆ పైన కాలవలు కట్టేదాకా ఉన్న కాసిని వారాలు. దసరాకీ సంక్రాంతికీ మధ్య ఊళ్లో జరిగేది సార్వా (వానాకాలపు వరి) కోత. కోత, కుప్ప, నూర్పు, తూర్పారబట్టడం. పదేళ్ల కుర్రాడికి కళ్లంలో పిట్టలు తోలే పనుంటుంది, ఎడ్ల వెనక తిరిగే పనుంటుంది, తల్లి కూలికి వెళితే చంటిదాన్ని ఎత్తుకునే పనుంటుంది. దొరగారికి పడవ ప్రయాణం సుఖంగా ఉండే నెలలూ పిల్లలు బడికి రాని నెలలూ ఒకటే. ఆయన రాసిన హాజరు అంకె అబద్ధం కాదు. దాన్ని ఏడాదికంతటికీ అంకెగా చదివితే మాత్రం అబద్ధం అవుతుంది.

రైలు వచ్చాక మారలేదా అంటే కొంత మారింది. 1900లో గోదావరి మీద వంతెన తెరిచాక రాజమండ్రి, కొవ్వూరు, నిడదవోలు వైపు ఊళ్లు దగ్గరయ్యాయి. కోనసీమకి మాత్రం అప్పుడూ పడవే.

శ్రీ, చుక్క

అరుగు మీద బడికి రిజిస్టరు లేదు, హాజరు మాత్రం ఉంది. అందరికంటే ముందొచ్చిన కుర్రాడి అరచేతిలో పంతులుగారు ‘శ్రీ’ రాస్తారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి బెత్తంతో ఒకటి, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. చీకటితో లేచి పరిగెత్తుకొచ్చిన పిల్లల సంగతి మన తాతల కబుర్లలో అందరం విన్నదే. క్రూరమే. కానీ ఎవడు ఎప్పుడొచ్చాడో పంతులికి వరసాగ్గా తెలుసు, పిల్లలకీ తెలుసు. సాయంత్రానికి చెరిగిపోయే రిజిస్టరది.

సర్కారు బడికిచ్చే డబ్బు, అంటే గ్రాంటు, కావాలంటే ఈ రిజిస్టరు పనికిరాదు, గీతలు గీసిన పుస్తకం కావాలి. సర్కారు పుస్తకంలో సెలవు ఆదివారం. అరుగు బడికి సెలవు అమావాస్య, పౌర్ణమి, వాటి మర్నాటి పాడ్యమి. చాలాచోట్ల అష్టమి కూడా. రెండు పంచాంగాలు ఒక్క పుస్తకంలో ఇమడవు. అందుకని పంతులుగారు ఏం చేస్తారు? నెలాఖరున కూర్చుని పుస్తకం నింపుతారు. కాస్త ఒడుపున్న డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టుకోడానికి పిల్లల్ని లెక్కపెట్టక్కర్లేదు. ముప్పై రోజుల గుర్తులూ ఒకే సిరాతో, ఒకే పాళీతో, ఒకే వాలులో ఉన్నాయా అని చూస్తాడు. తరవాత పంచాంగం తీసి, అమావాస్య నాడు ఇరవై మంది హాజరు పడిందా అని చూస్తాడు. పడిందంటే దొంగ పుస్తకం. పంతులు ఆ నెలంతా పాఠం చెప్పి ఉండొచ్చు, పిల్లలు నిజంగానే వచ్చి ఉండొచ్చు. అయినా రిపోర్టులో ‘రిజిస్టర్లు నమ్మదగ్గవి కావు’ అని పడుతుంది. నూట యాభై ఏళ్ల తరవాత ఫేస్‌బుక్కులో మనకి దొరికేది ఆ ఒక్క ముక్కే.

చదవడం పరీక్షా ఇలాంటిదే. బట్టీని పట్టుకోవడం కష్టం కాదు. పేజీ మీద వేలు ఒకచోట, నోరు ఇంకోచోట ఉంటే తెలిసిపోతుంది. పై పంక్తి చేత్తో మూసి కింది పంక్తి నుంచి చదవమంటే, లేదా పద్యం మధ్యలో ఒక ఒత్తక్షరం మీద వేలు పెట్టి ఇదేమిట్రా అంటే, బట్టీవాడు అక్కడే ఆగిపోతాడు. ఇంతవరకు న్యాయమే. కానీ ఊళ్లో చదువు వచ్చినవాడంటే అచ్చు పుస్తకం చదివేవాడని కాదు. గొలుసుకట్టు రాతలో వచ్చిన ఉత్తరం చదివి చెప్పాలి, ప్రోనోటు చూసి వడ్డీ ఎంతో తేల్చాలి, కరణం రాసిన లెక్కలో తన పేరు ఎక్కడుందో పట్టుకోవాలి. పంతులు పెద్ద పిల్లలకి నేర్పేది అది. ఆ గొలుసుకట్టు కాగితం బల్ల మీద పెడితే పై నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరుకే కూడబలుక్కోవలసి వస్తుందేమో. అది పరీక్షలో లేదు.

లెక్కలైతే మరీను. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. ఊరూరికీ కొలత పాత్ర కాస్త అటూఇటూ అయినా వరస ఇదే. పుట్టికింత అని ధర చెబితే ఏడు కుంచాలకి ఎంతో పలక ముట్టకుండా చెప్పే పిల్లలున్న బడికి, పలక మీద భాగహారం మెట్లు సరిగ్గా వెయ్యలేదని లెక్కల్లో సున్నా. మెట్లు అక్కర్లేదా అంటే కావాలి. పుట్టి నుంచి పొలానికి, పొలం నుంచి వడ్డీకి మారినప్పుడు నోటి లెక్క తడబడుతుంది, పలక మీది పద్ధతి తడబడదు. ఆ మాటకొస్తే ఎక్కాలు వల్లించే కుర్రాళ్లలో సగం మంది గుంపులో గొంతు కలిపేవాళ్లే, విడిగా అడిగితే నోరు పెగలదు. ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టుకున్నాడంటే తప్పు పట్టలేం.

తలకింత

చూడడం తప్పంటున్నానా? లేదు. చూడడానికి డబ్బు ముడిపెట్టడం దగ్గర పెడదారి పట్టిందంటున్నాను.

ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో (Lowe) అనే మంత్రి తెచ్చిన నియమావళి ప్రకారం పిల్లవాడి హాజరుకి 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. ఒక అంశంలో తప్పితే ఆ మేరకు కోత. అదే తరహా ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ మరి కొన్నేళ్లకి మద్రాసు ప్రెసిడెన్సీ పల్లె బళ్ల మీదికి వచ్చింది. రేట్లు వేరు, తరగతికో ధర. సూత్రం మాత్రం అదే: ఇన్‌స్పెక్టరు తలూపితే అణాలు, లేకపోతే లేదు.

నలభై మంది పిల్లలున్న బడి అనుకుందాం. మూడు అంశాలంటే 120 తీర్పులు. చదవడానికి తలకి మూడు నిమిషాలిచ్చినా అదే రెండు గంటలు. డిక్టేషను అందరికీ కలిపి చెప్పొచ్చు, దిద్దడానికి గంట. లెక్కలకి ఇంకో గంట. పేర్లు రిజిస్టరుతో సరిచూసి, గ్రాంటు పట్టీ నింపి, సంతకాలు చేసేసరికి ఆ రోజు అయిపోయింది. పంతులు పాఠం ఎలా చెబుతాడో వినడానికి ఒక్క పావుగంట మిగల్లేదు. తనిఖీకి వచ్చినవాడు బడి చూడకుండానే పడవ ఎక్కాడు. చెడ్డవాడై కాదు, తీరిక లేక.

పంతులు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. అంతకు ముందు ఆయన బతుకు నెలకింత జీతం, కోతలప్పుడు కొలిచిన ధాన్యం, పండక్కి స్వయంపాకం, దసరా మామూళ్లు. చిన్నచిన్న రాబళ్లే, కానీ ఏడాది పొడుగునా వచ్చేవి. గ్రాంటు ఏడాదికి ఒకసారి, అదీ పడవ వచ్చాక. ఈలోగా కోమటి కొట్లో అప్పు. ఆ అప్పు తీరాలంటే ఆ ఒక్క రోజు గట్టెక్కాలి. మందమతిని ఆ వేళకి ఇంటి దగ్గరే ఉండమనడం, గట్టివాణ్ని పై తరగతికి పంపకుండా కింది తరగతిలోనే ఇంకో ఏడు చూపించడం, పక్కూరి పంతులు దగ్గర నలుగురు కుర్రాళ్లని అరువు తెచ్చుకోవడం, ఇవన్నీ అక్కణ్ణుంచే. అరువు కుర్రాడికి కొత్త పేరు నేర్పొచ్చు. మీ అయ్య పేరేమిటని చటుక్కున అడిగితే మాత్రం అసలు అయ్య పేరే వస్తుంది. ఆ కిటుకు తెలిసిన డిప్యూటీకి దొరికిపోయిన పంతులు మోసగాడిగా కాగితానికెక్కాడు. ఆయనకి ఆ గతి పట్టించిన పద్ధతి మాత్రం ఎక్కలేదు.

చదువుల మీద సర్కారు వేసిన 1882 హంటర్ కమిషన్ ఈ పద్ధతి కాలేజీలకి వద్దంది, ప్రాథమిక బళ్లకి చాలావరకు అదే ఉండనివ్వమంది. రాజమండ్రి కాలేజీలోని ప్రొఫెసర్ని నమ్మొచ్చు, ఆచంట అరుగు మీద పంతుల్ని తలకింతని కొలవాలి. బస్తీకీ పల్లెకీ మధ్య తేడా ఇక్కడే తేటతెల్లంగా ఉంది. బస్తీ బడికి కట్టడం ఉంది, ఫీజులున్నాయి, మునిసిపాలిటీ ఉంది, మెట్రిక్యులేషన్ ఫలితాలు పేపర్లో పడతాయి. అక్కడ ఇన్‌స్పెక్టరు మర్యాదకి వచ్చిన అతిథి. ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలడిగి, ప్రయోగశాల చూసి, తోట బాగుందని పుస్తకంలో రాసి వెళతాడు. బస్తీ బళ్ల గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేం కనపడదు.

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డు ఒకటుంది. తలకింత గ్రాంటే లేకపోతే డెల్టాలో చాలా పల్లె బళ్లకి సర్కారు డబ్బు దమ్మిడీ వచ్చేది కాదు. ముఖ్యంగా దళితవాడల బళ్లకి, అప్పటి కాగితాల్లో పంచమ బళ్లకి. ఊరు వాటికి జీతం ఇవ్వదు, ధాన్యం కొలవదు. నర్సాపురం వైపు బ్రదరన్ మిషను, రాజమండ్రి వైపు లూథరన్లు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు పెట్టిన పాకల బళ్లకి గ్రాంటు ఊపిరి. 1893 నాటి పంచమ విద్య ఉత్తర్వు తరవాత వాళ్ల పిల్లలకి రేటు ఎక్కువ కూడా. ఆడపిల్లలకీ ఎక్కువ రేటే. వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన రోజుల్లో ఊరి పెద్దల ఔదార్యం మీదే ఆధారపడితే అలాంటివి ఎన్ని నిలిచేవి? ఇది కాదనలేను. అయితే ఇక్కడ కూడా చూపే అడ్డం వచ్చింది. అగ్రకులపు ఇన్‌స్పెక్టరు పేటలోకి అడుగుపెట్టడు, పిల్లల్ని ఊరి బయట చెట్టు కిందికి రప్పించి దూరం నుంచే పలకలు చూస్తాడని మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఫిర్యాదులుండేవి. పాకకి కప్పుందో లేదో, వాన కురిస్తే పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఆ చెట్టు కింద నుంచి కనపడదు. ఎక్కువ రేటు ఇచ్చిన సర్కారే బడి గుమ్మం దాకా పోలేదు.

టేలర్ బళ్లు

వేరే దారి లేదా? డెల్టాలోనే ఒకటి ప్రయత్నించారు. 1850ల నడుమ సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నర్సాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బళ్లు పెట్టించాడు. అది చూసి చుట్టుపక్కల రైతులు మాకూ కావాలన్నారట. శిస్తు మీద కొంత కలిపి కడతాం, బడి పెట్టండి అన్నది ఒప్పందం. నర్సాపురంలో టేలర్ పేరు మీది హైస్కూలు ఇప్పటికీ ఉంది. ఇక్కడ తలకింత లెక్క లేదు. ఊరు డబ్బు కట్టింది, పంతులికి జీతం నెలనెలా వచ్చింది, ఇన్‌స్పెక్టరు వచ్చి సలహా చెప్పి పోవచ్చు.

దీన్ని బంగారం అనడానికి నాకూ నోరు రావడం లేదు. శిస్తు వసూలు చేసే అధికారే వచ్చి బడి కావాలా అని అడిగితే వద్దనే రైతెవడు? పన్నుకి చట్టం దన్ను లేదన్న ఇబ్బంది తీర్చడానికి 1863లో మద్రాసులో చట్టం చేశారు. గోదావరి దాటి అది పెద్దగా పాకలేదు. ఇష్టపడి కట్టింది నిజమే అయితే పక్క జిల్లాలకి ఎందుకు పాకలేదన్న ప్రశ్న నన్ను వదలదు. కాలవల నీళ్లతో పంట చేతికొచ్చిన కొత్త కాలం కనుక ఇక్కడి రైతు ఒప్పుకుని ఉండొచ్చు, అంతవరకే నా ఊహ.

యేట్స్ దొర అడిగిన ప్రశ్న

ఇన్‌స్పెక్టర్లందరూ లెక్కపెట్టి పోయినవాళ్లే అంటే అన్యాయం. 1906లో ఉత్తర కోస్తాకి ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ బళ్లలో కూర్చుని పాఠాలు విన్నాడు. ఆయనకి వచ్చిన అనుమానం చాలా మామూలుది. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, పంతులూ పిల్లలూ మాట్లాడుకునే తెలుగు ఇంకొకటి, ఎందుకని? విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గురజాడ అప్పారావు గారినీ, గిడుగు రామమూర్తి గారినీ చూపించాడు. ఆ తరవాతి వాడుక భాష ఉద్యమం కథ తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1919లో రాజమండ్రిలో వీరేశలింగం గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టేదాకా వచ్చింది.

యాభై ఏళ్లుగా ఆ తేడా ప్రతి బడిలోనూ ఉంది. డిక్టేషనులో అరసున్న పోయిందని, బండి ఱ రాయాల్సిన చోట మామూలు ర రాశాడని మార్కులు కోసినవాళ్లందరికీ అది రోజూ చెవిన పడేదే. వాళ్లకి అది పిల్లవాడి తప్పు. యేట్సుకి మాత్రం పుస్తకం మీద అనుమానం వచ్చింది. 1904లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వం తన విద్యా తీర్మానంలో ఫలితాన్ని బట్టి గ్రాంటు వద్దని తేల్చింది. యేట్స్ ప్రశ్న దాని వెనకే రావడం కాకతాళీయం కావచ్చు. 120 తీర్పుల భారం మీద ఉన్నవాడికి పాఠం వినే తీరిక ఉండదన్నది మాత్రం కాకతాళీయం కాదు.

2022లో మన రాష్ట్రంలో మాస్టార్లు ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. అంతకు ముందే మరుగుదొడ్ల ఫోటోలు పంపమన్నారు. సిగ్నలు అందని లంకలో పంతులమ్మ ఫోను పట్టుకుని గట్టెక్కి నిలబడితే, ఆ పావుగంట క్లాసులో ఎవరూ లేరు. పాత తగువుతో దీన్ని కలపను. కలిపితే, యాప్ చూసి ఎవరి అణాలూ కొయ్యలేదు కదా అంటారు. పోనీండి.

ఈసారి ఎవరైనా పాత ఇన్‌స్పెక్టరు రిపోర్టు తెచ్చి పెడితే, పల్లెలో హాజరు సగానికి పడిపోయిందన్న వాక్యం కింద తేదీ ఉందేమో చూడండి. నవంబరో డిసెంబరో అయితే మిగతా సగం మంది కళ్లంలో ఉన్నారు. ఊరి పేరు చూసి, అది ఏ కాలవ మీద ఉందో, ఏ లాకుకి దగ్గరో పాత పటంలో వెతకండి. తేదీ అమావాస్య అయితే ఇంక ఆ రిపోర్టు చదవడం ఆపి, ఆ వేళ పిల్లల్ని బడికి రప్పించడానికి పంతులుగారు ఎన్ని గడపలు ఎక్కి దిగారో లెక్కపెట్టండి.